వ్యవసాయ పత్రికలో ఎడిటర్ కావాలంటే ముందు మోతాదులు దిద్దడం రావాలి

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను. ఖమ్మం జిల్లాలో ఒక విత్తన కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. రైతుల వాట్సాప్ గ్రూపుల్లో మిరప, పత్తి మీద నేను పెట్టే నోట్సు బాగుంటున్నాయని అంటున్నారు. వ్యవసాయ పత్రికలో చేరి ఎప్పటికైనా ఎడిటర్ కావాలని ఉంది. జర్నలిజం కోర్సు తప్పనిసరా? ఎడిటర్ అసలు ఏం పని చేస్తారు? పురుగుమందుల ప్రకటనలతో నడిచే పత్రికలో ఉన్నదున్నట్టు రాయనిస్తారా? అందరూ యూట్యూబ్ చూస్తున్న ఈ రోజుల్లో దీనికి భవిష్యత్తు ఉందా? ఇంట్లోవాళ్లేమో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పోస్టుకు చదువుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

జర్నలిజం కోర్సు తప్పనిసరి కాదు. చేస్తే మంచిదే గానీ, వ్యవసాయ డెస్కులో మీ డిగ్రీకే ఎక్కువ విలువ. జర్నలిజం చదివి వచ్చినవాళ్లకు వార్త రాయడం వచ్చు. వరిలో జింకు లోపానికీ తెగులుకీ తేడా చెప్పమంటే మాత్రం తడబడతారు, అది పట్టుబడటానికి కొన్ని సీజన్లు పడుతుంది. మీకు ఆ తేడా వచ్చు. మీ ఇబ్బంది వేరే ఉంటుంది. నాలుగేళ్లు ఇంగ్లిష్‌లో చదివి, తెలుగులో రాయాల్సి వచ్చేసరికి వర్సిటీ కరపత్రాల భాష చేతిలోకి వచ్చేస్తుంది: ‘నివారణకు గాను’, ‘పిచికారీ చేయవలెను’, ‘సిఫారసు చేయబడినది’. వాట్సాప్ నోట్సులో మీరు అలా రాయడం లేదు కాబట్టే రైతులు బాగుందంటున్నారు. పత్రికలోకి వచ్చాక ఆ భాషకు మారిపోకండి.

ఇక ఎడిటర్ పని. సంపాదకీయం రాయడం, శాస్త్రవేత్తలతో మాట్లాడటం, సదస్సులకు వెళ్లడం బయటికి కనిపించేవి. రోజులో ఎక్కువ భాగం తినేది మాత్రం వచ్చిన వ్యాసాల్లోని అంకెలు సరిచూడటం. సినిమా పేజీలో తప్పు పడితే మర్నాడు సవరణ వేసుకోవచ్చు. మందు మోతాదు తప్పు పడితే సవరణ వచ్చేలోపు రైతు పిచికారీ అయిపోతుంది.

ఒక వాక్యం తీసుకుందాం. వరి అగ్గితెగులు మీద వచ్చే వ్యాసాల్లో ఇది మామూలుగా ఇలా ఉంటుంది: ‘అగ్గితెగులు నివారణకు గాను ట్రైసైక్లజోల్ 75 డబ్ల్యు.పి. 0.6 గ్రా. లీటరు నీటికి కలిపి పిచికారీ చేయవలెను.’ తప్పేమీ లేదు. కానీ దీన్ని ఇలాగే అచ్చు వేస్తే ఎడిటర్ పని జరగనట్టే. చదివే రైతుకు ఇందులో నాలుగు సంగతులు అందవు. ఎకరాకు ఎంత మందు కొనాలి? తన చేలో ఉన్నది అగ్గితెగులేనని ఎలా పోల్చుకోవాలి? ఎప్పుడు కొట్టాలి? తన దగ్గరున్న స్ప్రేయర్‌కు ఈ లెక్క సరిపోతుందా?

చేతి స్ప్రేయర్‌తో ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడతాయన్న లెక్క మీద లీటరుకు 0.6 గ్రాములు చెప్పారు. అంటే ఎకరాకు 120 గ్రాములు, 16 లీటర్ల ట్యాంకుకు దాదాపు 10 గ్రాములు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన వేయాలి. రైతు సౌకర్యం ఒక్కటే కాదు, ప్రూఫు చూసేటప్పుడు ఒకదాన్ని ఇంకొకటి పట్టిస్తుంది. 0.6 కాస్తా 6 అయితే పక్కనున్న 120తో పొసగదు, అక్కడే దొరికిపోతుంది. అంకె ఒంటరిగా ఉంటే ఎవరి కంటికీ ఆనదు.

ఇప్పుడు డ్రోన్ వచ్చింది. డ్రోన్‌తో ఎకరాకు పోసేది సుమారు 10 లీటర్ల నీళ్లే. ‘లీటరుకు 0.6 గ్రా.’ అన్న మాట పట్టుకుని డ్రోన్‌లో కలిపితే ఎకరాకు పడేది 6 గ్రాములు, కావాల్సిన దాంట్లో ఇరవయ్యో వంతు. తెగులు తగ్గదు. మందు నకిలీదని రైతు డీలర్ మీదికి వెళ్తాడు. తైవాన్ స్ప్రేయర్లతో (ఇంజనుతో నడిచేవి) నీళ్లు తగ్గించి కొట్టేవాళ్ల దగ్గర కూడా ఇదే తేడా, కాస్త తక్కువ స్థాయిలో. అందుకే ఎకరా మోతాదు లేని మందు సిఫారసు పేజీలోకి వెళ్లకూడదు. వ్యాసం పంపిన శాస్త్రవేత్త రాయకపోతే ఫోన్ చేసి అడగండి, మీరే గుణించి వేసేయకండి. కొన్ని మందులకు ఎకరా మోతాదే అసలు సిఫారసు, లీటరు లెక్క దాని నుంచి తీసినది.

లక్షణాల దగ్గరా అంతే. ‘ఆకుల మీద మచ్చలు ఏర్పడును’ అంటే వరిలో వచ్చే ప్రతి తెగులుకూ సరిపోతుంది. అగ్గితెగులు మచ్చ నూలుకండె ఆకారంలో ఉంటుంది, మధ్యలో బూడిద రంగు, అంచు ముదురు గోధుమ. వెన్ను మెడ దగ్గర పడితే మెడవిరుపు. రాత్రిళ్లు చల్లబడి, మంచు పట్టి, మబ్బు కమ్మి ఉంటే ఉద్ధృతమవుతుంది. నత్రజని ఎక్కువ వేసిన చేలో ఇంకా త్వరగా అంటుకుంటుంది. సాంబ మసూరి (బీపీటీ 5204) వేసినవాళ్లు ముందే కనిపెట్టి ఉండాలి, ఆ రకం దీనికి తట్టుకోలేదు. ఈ నాలుగు ముక్కలు పడితే రైతు చేలోకి వెళ్లి పోల్చుకోగలడు. ఇదే మందుకు ఇంకో ముఖం కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాములకు కుదించాక ఎగుమతి బాస్మతికి అది గండమైంది. పంజాబ్‌లో బాస్మతి సీజన్లో దాని అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపుతుంటారు. మన పాఠకులకు రోజూ అక్కర్లేని సంగతే గానీ, ఎగుమతి రకాల మీద వ్యాసం వచ్చిన రోజు ఎడిటర్‌కు గుర్తుండాలి.

ఎరువుల దగ్గర తప్పు ఇంకోలా దూరుతుంది. ‘హెక్టారుకు 120 కిలోల నత్రజని’ అని వ్యాసంలో ఉంటుంది. డెస్కులో ఎవరో తొందరలో ‘ఎకరాకు 120 కిలోల యూరియా’ అని దిద్దేస్తారు. రెండు తప్పులు ఒకేసారి. 120ని 2.5తో భాగిస్తే ఎకరాకు 48 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అంతా యూరియాతోనే ఇస్తే 104 కిలోలు. అక్కడితో అయిపోలేదు. 24 కిలోల భాస్వరం కోసం డీఏపీ 52 కిలోలు వేస్తే అందులోంచే 9 కిలోలకు పైగా నత్రజని వస్తుంది, అప్పుడు యూరియా 84 కిలోలకు తగ్గాలి. చాలా వ్యాసాలు ఈ తీసివేత చేయవు. రైతు రెండూ పూర్తిగా వేస్తాడు, పైరు ఏపుగా పెరుగుతుంది, ఇందాక చెప్పుకున్న అగ్గితెగులు వచ్చి కూర్చుంటుంది. బస్తాల్లో చెప్పేటప్పుడు యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, డీఏపీ 50 అన్నది మరిచిపోకండి. పాత వ్యాసాలు తిరగేసి వాడుకునేవాళ్లు యూరియాను ఇంకా 50 కిలోలకే లెక్కకడుతున్నారు.

వేపనూనె చూడటానికి చిన్న విషయం. 1500 పి.పి.ఎం. (మందు గాఢత కొలత) అయితే లీటరుకు 5 మి.లీ. షాపులో 10,000 పి.పి.ఎం.ది కూడా దొరుకుతుంది, దాని మోతాదు వేరు. ‘వేపనూనె 5 మి.లీ.’ అని పి.పి.ఎం. లేకుండా వేస్తే ఆ వాక్యానికి అర్థం లేదు. పేర్లు కూడా ఒకదానికొకటి తగులుకుంటాయి. ప్రొఫెనోఫాస్ పురుగుమందు, ప్రోపికొనజోల్ తెగులుమందు. హెక్సాకొనజోల్ తెగులుకు, హెక్సిథయాజాక్స్ నల్లికి. అలసిపోయిన కంటికి రెండూ ఒకటే. మందు పేరు పక్కన అది ఏ పురుగుకో ఏ తెగులుకో గట్టిగా చదువుకుంటూ ప్రూఫు చూడటం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తోంది.

మన పత్రికలకే ప్రత్యేకమైన బెడద ఫాంట్లు. పాత మ్యాటరంతా డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉంటుంది, వెబ్‌సైట్‌కు యూనికోడ్ కావాలి. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు చెదరడం అందరికీ కనిపిస్తుంది, సరిచేస్తారు. చుక్కలు, శాతం గుర్తులు, బ్రాకెట్లు మారిపోవడం కనిపించదు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. లీటరుకు 0.3 మి.లీ., ఎకరాకు 60 మి.లీ. చుక్క ఎగిరి 3 మి.లీ. అయితే పది రెట్లు. అది ఖరీదైన మందు, ఒక్క అంకె మీద వేల రూపాయలు పోతాయి. కాబట్టి మార్చిన ప్రతి ఫైల్లో అక్షరాలు తర్వాత, అంకెలు ముందు చూడాలి. దశాంశానికి ముందు సున్నా వేయడం (.3 కాదు, 0.3) డెస్కులో నియమంగా పెట్టాలి.

సిఫారసుకు చట్టం వైపు కూడా ఒక గడప ఉంది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ ఏ మందును ఏ పంట మీద, ఏ పురుగుకు వాడొచ్చో ఆమోదిస్తుంది. వంగకు ఆమోదం ఉన్న మందును బెండకు రాయడం కుదరదు. ‘పక్క ఊళ్లో కొట్టారు, పనిచేసింది’ అన్నది ఆధారం కాదు. 2023లో కేంద్రం డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్‌లను నిషేధించింది, మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్.ను కూడా పక్కన పెట్టింది. కొత్త వ్యాసంలో వాటిని ఎవరూ రాయరు. పాత వ్యాసాలు, పాత వీడియోలు మాత్రం వెతికితే ఇప్పటికీ వస్తుంటాయి. ఏడాదికోసారి పాతవన్నీ తిరగేసి, నిషేధించిన మందులున్న చోట పైన ఎర్రక్షరాల్లో గమనిక పెట్టే పని ఎడిటర్ నెత్తిన వేసుకోవాలి. ఎవరూ అడగరు, ఎవరూ మెచ్చుకోరు, అయినా తప్పదు.

నెల పత్రిక అయితే ఇంకో చిక్కు. జూన్ సంచికకు విషయాలు ఏప్రిల్‌లో అనుకుని, మే మొదటి వారానికి వ్యాసాలు తెప్పించుకుని, మే 20, 25 మధ్య ప్రెస్సుకు పంపాలి. అప్పటికి వాన జాడే ఉండదు. అందుకని ‘జూన్ 15 నుంచి పత్తి విత్తుకోండి’ అని రాయకూడదు. ‘60–75 మి.మీ. వర్షం పడి, నేల బాగా తడిశాకే విత్తండి’ అని రాయాలి. తేదీ తప్పుతుంది, షరతు తప్పదు. ఫొటోలకూ ఇదే తిప్పలు. అక్టోబరు సంచికలో గులాబీ రంగు పురుగు గురించి వేయాలంటే గుడ్డిపూల (పురుగు పట్టి విచ్చుకోని పూల) ఫొటో కిందటేడాది తీసి దాచుకున్నది ఉండాలి. లేకపోతే డిజైనర్ ఇంటర్నెట్లోంచి ఏదో దేశం పత్తికాయ లాగి పెడతాడు. మీరు రోజూ చేలల్లోనే ఉంటున్నారు కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. ఒక్కో లక్షణానికి మూడు ఫొటోలు: దగ్గర నుంచి ఆకో కాయో, మొక్క మొత్తం, చేను మొత్తం. దగ్గరి ఫొటోలో పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి. ఫైలు పేరులోనే పంట, రకం, సమస్య, మండలం, తేదీ రాయండి. రెండు సీజన్ల ఫొటోలు అలా పోగైతే ఏ పత్రికైనా మీ మార్కుల లిస్టు కన్నా ముందు వాటిని చూస్తుంది.

పాఠకుల భూగోళం కూడా తెలిసుండాలి. తెలంగాణలో యాసంగి అన్నదే గోదావరి డెల్టాలో దాళ్వా. ఇక్కడ గుంటలు, అక్కడ సెంట్లు. ఎకరాకు 40 గుంటలైతే 100 సెంట్లు. ఒక మాట ఎంచుకుంటే రెండోదాన్ని కూడా ఒకసారి వేయండి. కత్తెర పురుగు లాంటి పేర్లు రైతుల నోట నిలబడ్డాయంటే, 2018లో ఆ పురుగు మొక్కజొన్న మీద మన దేశంలో మొదట కర్ణాటకలో కనిపించాక, ఇంగ్లిష్ పేరును లాక్కురాకుండా తెలుగు పేరునే అందరూ వాడారు కాబట్టే.

ఇప్పుడు విజయగాథల సంగతి. పత్రికల్లో అన్నిటికన్నా ఎక్కువ చదివేవి అవే, అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేవీ అవే. ‘ఎకరాకు పది లక్షలు’ అన్న హెడ్డింగ్ చూసి చేను మార్చుకున్నవాళ్లు ఊరికి ఇద్దరుంటారు. ఈము పక్షుల పెంపకం గురించి ఎన్ని పేజీలు నిండాయో, 2012లో తమిళనాడులో ఆ వ్యాపారం కుప్పకూలాక ఎంతమంది డబ్బు పోయిందో గుర్తు చేసుకోండి. ఇలాంటి కాపీ మీ టేబుల్ మీదికి వస్తే కొన్ని ప్రశ్నలు అడగకుండా వదలకండి. చెప్పిన మొత్తం రాబడా, ఖర్చులు పోగా మిగిలిందా? కౌలు లెక్కలో ఉందా? ఇంటిల్లిపాదీ చేసిన కూలి కలిపారా? ఎన్నేళ్ల సగటు, లేక ధర బాగున్న ఒక్క ఏడాదా? మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు) చూపించగలరా? చివరగా, ఆ రైతుకు పంట మీద వచ్చిన ఆదాయం ఎంత, మొక్కలూ విత్తనమూ అమ్మగా వచ్చింది ఎంత? ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే సగం కథలు ఆగిపోతాయి. ఆగిపోనివ్వండి.

ప్రకటనల గురించి మీరు సూటిగా అడిగారు, సూటిగానే చెప్తాం. చందాలతోనే గడిచే వ్యవసాయ పత్రిక అరుదు. విత్తనాలు, మందులు, ట్రాక్టర్లు, డ్రిప్పు కంపెనీల డబ్బు లేకుండా బండి కదలదు. ఉన్నదున్నట్టు రాయడం కుదరదని కాదు, గీత ఎక్కడ గీశారో చేరేముందే చూసుకోవాలి. పాత సంచికలు అరడజను తెచ్చుకుని చూడండి. వ్యాసాల్లో మందుల సాంకేతిక నామాలు ఉన్నాయా, కంపెనీ పేర్లు ఉన్నాయా? ప్రకటన పేజీ మీద ‘ప్రకటన’ అని ఉందా, లేక వ్యాసంలా వేషం వేసుకుందా? తామర పురుగు మీద వ్యాసానికి ఎదురు పేజీలో తామర పురుగు మందు ప్రకటనే ఉందా? ఒకసారి పడితే కాకతాళీయం, మూడుసార్లు పడితే అక్కడ ఎడిటర్ మాట చెల్లడం లేదని అర్థం. అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనాలనో, ‘అన్ని పురుగులూ మాయం’ అనే బయోస్టిమ్యులెంట్‌నో (మొక్క ఎదుగుదలకు వాడేది) ప్రకటనగా తీసుకునే చోట చేరకండి. బయోస్టిమ్యులెంట్లు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. పురుగును చంపుతామని చెప్పుకునే హక్కు వాటికి లేదు.

యూట్యూబ్ వచ్చి ఎడిటర్ అవసరం తగ్గించలేదు, చోటు మార్చింది. అచ్చు పత్రికలే కాక దినపత్రికల సాగు పేజీలు, టీవీ వ్యవసాయ కార్యక్రమాలు, ఆకాశవాణి, విశ్వవిద్యాలయాల ప్రచురణ విభాగాలు, వ్యవసాయ శాఖ ‘పాడిపంటలు’, ‘లీసా ఇండియా’ తెలుగు సంచిక లాంటివి, ప్రకృతి సేద్యం మీద పనిచేసే సంస్థలు, వ్యవసాయ యాప్‌లు అన్నిటికీ వ్యవసాయం తెలిసి తెలుగు దిద్దగలిగే మనిషి కావాలి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియోను ఊళ్లోని దళిత మహిళలే నడుపుతున్నారు. ఒకసారి వెళ్లి చూడండి, రైతుకు ఏం కావాలో రైతే చెబితే కార్యక్రమం ఎలా ఉంటుందో తెలుస్తుంది. వీడియోలో పని చేస్తే ఒక జాగ్రత్త: మోతాదు నోటితో చెప్పి వదిలేయకుండా తెర మీద అక్షరాల్లో వేయించండి. ‘రెండు’ అన్నది ‘రెండున్నర’గా వినపడుతుంది. వాట్సాప్‌లో ముక్కలుగా తిరిగే వీడియోకు సవరణ వెంట వెళ్లదు.

జీతం విషయంలో భ్రమలు వద్దు. సబ్ ఎడిటర్‌గా మొదట ఇచ్చేది, టీఏ డీఏలతో కలిపి మీ కంపెనీ ఇప్పుడిస్తున్న దానికన్నా తక్కువే ఉండొచ్చు. పెరుగుదల నెమ్మది. ఏఈఓ పోస్టుకు ఉన్న భద్రత ఇందులో లేదు, ఇంట్లోవాళ్ల భయంలో అర్థముంది. నోటిఫికేషన్ వస్తే రాయండి, రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక బయటి పత్రికలకు రాయాలంటే మాత్రం సర్వీసు నిబంధనలు చూసుకోవాలి.

ఉద్యోగం మానకుండానే ఇప్పుడు మొదలుపెట్టాల్సింది పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయడం. డెస్కు పని నేర్పడానికి అంతకు మించిన బడి లేదు. మీ గ్రూపుల్లో వచ్చే ప్రశ్నల్లోంచి వారానికి మూడు తీసుకోండి. ఒక్కోదానికి 150 మాటలు దాటకుండా జవాబు రాయండి. ముందు రైతునే తిరిగి అడగండి: ఏ రకం, నాటి ఎన్ని రోజులైంది, ఇప్పటిదాకా ఏమేం కొట్టారు, నేల ఏది, నీళ్లు ఎలా. ‘మిరప ఆకు ముడుచుకుంటోంది’ అన్న ఒక్క వాక్యానికి జవాబు చెప్పకూడదు. పైముడతైతే తామర పురుగు, కిందిముడతైతే నల్లి, చిన్నగా ఉండి గుబురైతే వైరస్. మూడింటికీ మూడు దారులు. వాట్సాప్‌లో పెట్టేముందు మీ జిల్లా ఏరువాక కేంద్రంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఒక శాస్త్రవేత్తకు చూపించండి. వాళ్లు ఏం దిద్దారో తేదీ వేసి దాచుకోండి. ఆ దిద్దుళ్లే తర్వాత మీ సొంత తప్పుల జాబితా అవుతాయి. మీ కంపెనీ విత్తనం పేరు వాటిలో ఒక్కచోట కూడా రాకూడదు. వస్తే వాటిని ఉద్యోగానికి నమూనాగా చూపించలేరు.

ఇంటర్వ్యూకు వెళ్తే సాధారణంగా రెండు పేజీల శాస్త్రవేత్త వ్యాసం చేతికిచ్చి ఒక పేజీకి కుదించమంటారు. అందులో ఎక్కడో ఒక మోతాదు తప్పు కావాలనే పెట్టి ఉండొచ్చు. భాష దిద్దే ముందు అంకెల కింద గీతలు గీసుకోండి. సందేహం ఉన్నచోట మీకు తోచింది వేయకుండా మార్జిన్‌లో ‘రచయితను అడగాలి’ అని రాయండి.

దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టండి. వానాకాలం సంచికల పని ఏప్రిల్లో మొదలవుతుంది కాబట్టి డెస్కులో మనుషుల కొరత అప్పుడే తెలుస్తుంది. మీకూ అప్పటికి మిరప కోతలు ఒక కొలిక్కి వచ్చి, కంపెనీలో వానాకాలం బుకింగుల ఒత్తిడి ఇంకా మొదలై ఉండదు. నోటీసు పీరియడ్ ఎంతో మాత్రం ముందే మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసుకోండి.